రెండు పేజీల ఎంవోయూ మీద సంతకం పెట్టేముందు

ప్రశ్న: గుంటూరులో పదకొండేళ్లుగా కారప్పొడి, మసాలా పొడులు తయారు చేసి సొంత బ్రాండు మీద అమ్ముతున్నాం. మాది చిన్న యూనిట్. హైదరాబాద్‌లోని ఒక పెద్ద పంపిణీ కంపెనీ మాతో 'స్ట్రాటజిక్ అలయన్స్' పెట్టుకుంటామంటోంది. సరుకు మాది, షాపుల నెట్‌వర్క్ వాళ్లది, లాభం చెరిసగం. ఐదేళ్లు ఇంకెవరికీ సరుకు ఇవ్వకూడదు, ఒప్పందం ముగిశాక మూడేళ్లు ఈ వ్యాపారమే చేయకూడదు, బిల్లు 90 రోజులకు ఇస్తారు, ప్యాకెట్ మీద రెండు పేర్లూ ఉండాలి అని ఎంవోయూ (అవగాహన ఒప్పందం) పంపారు. సంతకం పెట్టొచ్చా? వాళ్ల అప్పులు మా మెడకు చుట్టుకుంటాయా?

జవాబు: ఇప్పుడున్నది ఉన్నట్టుగా పెట్టకండి. అలాగని అవకాశాన్ని వదులుకోమని కూడా చెప్పను. ఊరూరా షాపుల దాకా సరుకు చేర్చే బలగాన్ని సొంతంగా తయారు చేసుకోవాలంటే మీకు ఏళ్లు పడుతుంది.

'ఎంవోయూయే కదా, అగ్రిమెంట్ కాదులే' అనుకోవద్దు. కోర్టు పేరు చూడదు, అందులో ఏం రాసుకున్నారో చూస్తుంది. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం లాభం పంచుకున్నంత మాత్రాన భాగస్వాములు అయిపోరు. కానీ ఉమ్మడి పేరు, ఒకరి తరఫున ఒకరు వ్యవహరించడం కూడా తోడైతే భాగస్వామ్యమే అనే వాదనకు బలం వస్తుంది. అప్పుడు సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ పూర్తిగా బాధ్యుడే. 'ఇది భాగస్వామ్యం కాదు' అని స్పష్టంగా రాయించండి. లాభంలో సగం వద్దు, కిలోకు ఇంత అని ధర అడగండి. లెక్కల పుస్తకాలు వాళ్ల దగ్గరుంటే మీ సగం ఎంతో వాళ్లే చెబుతారు.

ముగిశాక మూడేళ్లు వ్యాపారం మానేయాలన్న షరతుకు భయపడకండి. కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు అది నిలబడదు. మీకు అసలు ఇబ్బంది ఆ ఐదేళ్లతోనే. ఒప్పందం నడుస్తుండగా ఇలాంటి షరతు మామూలుగా చెల్లుతుందని గుజరాత్ బాట్లింగ్, కోకా కోలా కేసులో సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. మీ కాగితంలో వాళ్లు నెలకు ఎంత కొనాలో ఎక్కడా లేదు. వాళ్లు కొనరు, మీరు బయట అమ్ముకోలేరు. నెలకు కనీసం ఇన్ని టన్నులు అని, వరుసగా మూడు నెలలు తగ్గితే మీకు విడుదల అని రాయించాల్సిందే.

90 రోజుల గడువూ కుదరదు. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న తయారీదారుకు 45 రోజులు మించి గడువు పెట్టకూడదు. దాటితే ఆర్‌బీఐ బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వం దగ్గర నమోదు) లేకపోతే మొదటి లోడు వెళ్లకముందే చేయించుకోండి. తర్వాత చేయిస్తే అంతకుముందు పంపిన సరుకుకు ఈ రక్షణ దక్కకపోవచ్చు.

ప్యాకెట్ సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. పచ్చళ్లు చేసే ఒకావిడ కొన్నేళ్ల కిందట, ఇలాంటి పొత్తులో ఒకదాని తర్వాత ఒకటిగా మారిన మూడు లేబుళ్లు తెచ్చి నా బల్లమీద వరుసగా పెట్టారు. మొదటి దానిలో ఆవిడ బ్రాండు పెద్దక్షరాల్లో ఉంది. రెండో దానిలో రెండు పేర్లూ సమానం. మూడో దానిలో ఆవిడ పేరు వెనకవైపు, తయారీ చిరునామా దగ్గర ఉంది. ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ చేయించుకోలేదు. ఆ పేరు తనదేనని రుజువు చేసుకోవడానికి పాత బిల్లులన్నీ వెతకాల్సి వచ్చింది. మీరు ఈ వారమే ట్రేడ్‌మార్క్ కోసం 30వ క్లాసులో (మసాలాలు వచ్చే వర్గం) దరఖాస్తు పెట్టండి. ఒప్పందం నడిచినన్నాళ్లే మీ పేరు వాడుకునే అనుమతి అని రాయండి. మసాలా పాళ్లు మాత్రం ఏ కాగితంలోనూ ఇవ్వకండి.

విడిపోయే దారి కూడా ఇప్పుడే రాసుకోవాలి. 2009లో టాటా టెలిసర్వీసెస్‌లో వాటా కొన్న జపాన్ టెలికాం కంపెనీ డొకోమో, బయటికి వెళ్తే పెట్టిన ధరలో కనీసం సగం రావాలని ముందే రాయించుకుంది. 2014లో తప్పుకోబోతే ఆర్‌బీఐ నిబంధనలు అడ్డొచ్చాయి. అయినా ఆ రాతకోతల వల్లే 2016లో లండన్ ఆర్బిట్రేషన్‌లో (కోర్టు బయట మధ్యవర్తుల విచారణలో) దాదాపు 117 కోట్ల డాలర్లు ఇవ్వాలన్న తీర్పు దక్కింది, 2017లో ఢిల్లీ హైకోర్టు దాన్ని అమలు చేయడానికి ఒప్పుకుంది. మీకైతే 60 రోజుల నోటీసు, మిగిలిన సరుకు, లేబుళ్ల వాపసు, ఆర్బిట్రేషన్ గుంటూరులోనే జరగాలన్న మాట, ఇవి చాలు.

మార్పులన్నీ మెయిల్‌లో పంపండి. ఫోన్‌లో 'సరే' అన్నవి కాగితం మీదికి ఎక్కేదాకా లోడు పంపకండి.