గుంటూరు నుంచి విశాఖకు మూడు రోజులు: అరకు పక్కనపెట్టండి, ఊరు చూడండి

సంక్రాంతి సెలవుల్లో అత్తమామల్ని, ఇద్దరు చిన్నపిల్లల్ని తీసుకుని గుంటూరు నుంచి విశాఖ వెళ్తున్నామని, మూడు రోజుల్లో బీచ్‌లు, సబ్‌మెరైన్, సింహాచలం, అరకు అన్నీ అవుతాయా అని అడిగారు. అరకు ఒక్కటి తీసేస్తే మిగతావన్నీ హాయిగా అవుతాయండీ. మాది విజయవాడ. మా ఆడపడుచు పెళ్లయిన దగ్గర్నుంచీ విశాఖలోనే ఉంది కాబట్టి పెద్దవాళ్లతోనూ, పిల్లలతోనూ అక్కడ తిరిగిన అనుభవం మీద చెప్తున్నాను.

విశాఖ నుంచి అరకు మీదుగా కిరండూల్ వెళ్లే రైలు పొద్దున్నే బయలుదేరినా ఘాట్ ఎక్కి అరకు చేరేసరికి మధ్యాహ్నం దగ్గర పడుతుంది. ఆ సొరంగాలు, లోయలు చూస్తూ వెళ్లడం చాలా బాగుంటుంది, కాదనను. కానీ అదే రోజు తిరిగి రావాలంటే పెద్దవాళ్లు ఒళ్లు హూనం చేసుకోవడమే. బొర్రా గుహల్లో మెట్లు దిగి, మళ్లీ ఎక్కాలి. పైగా సెలవులంటే అక్కడ జనం విరగబడతారు. పైన ఒక రాత్రి ఉండే వీలున్నప్పుడు వెళ్లండి.

రైలు సంగతి ముందు తేల్చుకోండి. సింహాద్రి ఎక్స్‌ప్రెస్ గుంటూరులోనే పొద్దున ఎక్కితే సాయంత్రానికి దింపుతుంది. విజయవాడ వచ్చి తెల్లవారే రత్నాచల్ ఎక్కితే మధ్యాహ్నానికల్లా అక్కడుంటారు. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, పండగ రోజులకు ఆ పొద్దునే చేసేయాలి. ఇంకో మాట. హౌరా వైపు వెళ్లే రైళ్లలో కొన్ని విశాఖపట్నం స్టేషన్‌కు రావు, దువ్వాడలో ఆగి అటే వెళ్లిపోతాయి. దువ్వాడ నుంచి బీచ్ రోడ్డుకు సామాన్లతో, పిల్లలతో చేరడం చిన్న పని కాదు. టికెట్ మీద స్టేషన్ పేరు ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

గది ఆర్‌కే బీచ్ దగ్గరే తీసుకోండి. రేటు కాస్త ఎక్కువైనా పెద్దవాళ్లు పొద్దున లేచి తమంతట తాము నడిచి వెళ్లగలరు. వాకింగ్ చేసేవాళ్ల కోసం తెల్లవారుజామున ఆ రోడ్డు మీద కొంతసేపు బళ్లు ఆపేస్తారు. మా మామగారికి విశాఖ మొత్తంలో నచ్చింది ఆ గంటే.

సబ్‌మెరైన్ ఆ బీచ్‌లోనే ఉంది. ఐఎన్ఎస్ కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసిన అసలు జలాంతర్గామి, నమూనా కాదు. సోమవారం సెలవు. మామూలు రోజుల్లో మధ్యాహ్నం నుంచే తెరుస్తారు, కాబట్టి పొద్దున పెట్టుకోకండి. లోపల ఒక గది నుంచి ఇంకో గదికి గుండ్రటి ఇనప ద్వారాలుంటాయి. ఒక కాలు ఎత్తి అవతల పెట్టి, తల బాగా వంచి, తర్వాత రెండో కాలు లాక్కోవాలి. నెత్తికి తగిలేంత కిందనే పైపులు. టార్పెడోల పక్కనే నావికులు పడుకునే బల్లలు చూసి మా వాడు "ఇక్కడ పడుకుంటే భయం వెయ్యదా?" అని గైడ్‌ను పదేపదే అడిగాడు. మోకాళ్ల నొప్పులున్న మా అత్తగారు లోపలికి రాలేదు, అదే మంచిదైంది.

ఇక సముద్రంలో దిగే విషయం. ఇది మాత్రం దయచేసి తేలిగ్గా తీసుకోకండి. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌లో మోకాళ్ల లోతులో ఆడుకున్న పిల్లలు ఇక్కడా అలాగే పరిగెత్తుతారు. ఆర్‌కే బీచ్‌లో ఒడ్డు ఉన్నట్టుండి దిగిపోతుంది. మీరే చీలమండ లోతులో నిలబడి చూడండి, అల వెనక్కి వెళ్లేటప్పుడు మడమల కింద ఇసుకంతా జారిపోయి మనిషి తూలిపోతాడు. పెద్దవాళ్ల పరిస్థితే అదైతే ఆరేళ్ల పిల్ల సంగతి ఏంటి? అక్కడ ప్రాణాలు పోతూనే ఉన్నాయి. యారాడ బీచ్ అందంగా ఉంటుంది గానీ అక్కడా చూసి రావడమే. నీళ్లలో ఆడక తప్పదని పిల్లలు మారాం చేస్తే రుషికొండకు తీసుకెళ్లండి. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులుంటారు. అయినా వాళ్లు చూపించిన చోటే, మీ చెయ్యి పట్టుకునే.

రెండో రోజంతా భీమిలి రోడ్డుకే ఇచ్చేయండి. కారు మాట్లాడుకుంటే కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు. దారిలో తొట్లకొండ మీద సుమారు 2 వేల ఏళ్ల నాటి బౌద్ధారామం ఉంది, అక్కణ్నుంచి తీరమంతా కనిపిస్తుంది. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే చోటు, డచ్చివాళ్ల సమాధులు చూసి వెనక్కి తిరగండి. కైలాసగిరి వచ్చేటప్పుడు పెట్టుకోండి. సముద్రం తూర్పున కాబట్టి పొద్దున ఎండ కళ్లల్లో పడుతుంది, సాయంత్రమైతే వీపు వెనక ఉంటుంది. పెద్దవాళ్లకు రోప్‌వే ఉంది.

ఓడరేవు మాత్రం వదలకండి. చాలామంది బీచ్ చూసి వచ్చేస్తారు. 1933లో మొదలైన లోపలి రేవుకు డాల్ఫిన్ నోస్ కొండే అడ్డుగోడ. వన్‌టౌన్‌లో రాస్ హిల్ చర్చికి వెళ్తే ఓడలు వచ్చే కాలువ కింద కనిపిస్తుంది. ఆ పక్క కొండల మీదే దర్గా, వెంకటేశ్వరస్వామి గుడి. మేమున్నప్పుడు టగ్ బోట్లు ముందూ వెనకా పట్టుకుని ఒక పెద్ద సరుకు ఓడను తీసుకొచ్చాయి. నాలుగంతస్తుల మేడ మెల్లగా కొండల మధ్య నుంచి నడిచి వస్తున్నట్టుంది. పిల్లలు నోరెత్తకుండా చూశారు.

సింహాచలం మూడో రోజు పొద్దున్నే పెట్టుకోండి, పైదాకా బస్సులుంటాయి కాబట్టి మెట్ల టెన్షన్ లేదు. స్వామి నిజరూపం వైశాఖ శుద్ధ తదియ నాడు మాత్రమే, మీరు వెళ్లేటప్పుడు చందనంలోనే ఉంటాడని అత్తగారికి ముందే చెప్పండి. మీ మూడు రోజుల్లో సోమవారం పడితే ఆ రోజు సబ్‌మెరైన్ ఉండదు కాబట్టి భీమిలి ఆ రోజుకు మార్చుకోండి. తిరుగు రైలు రాత్రిది తీసుకుంటే సింహాచలం నుంచి వచ్చి, గదిలో కాసేపు నడుం వాల్చి, స్టేషన్‌కు బయలుదేరొచ్చు.