బీఏ తర్వాత జెరొంటాలజీ చదవాలంటే ఎటు వెళ్లాలి?

పరకాలలో బీఏ సోషియాలజీ చివరి ఏడాదిలో ఉన్నానని, పెద్దవాళ్ల బాగోగుల మీద పీజీ చేయాలనుందని, వరంగల్‌లో జెరొంటాలజీ (వృద్ధాప్యం గురించిన చదువు) దొరుకుతుందా అని అడిగారు. నాది హనుమకొండ. ఆ పేరున్న డిగ్రీ కోసం వెతుకుతూ నేను ఒక ఏడాది పోగొట్టుకున్నాను. మీరు ఆ పని చేయకండి.

జెరియాట్రిక్స్ (వృద్ధుల వైద్యం) వేరు, అది డాక్టర్ల చదువు. మద్రాస్ మెడికల్ కాలేజీలో 1996లోనే అందులో ఎండీ మొదలైంది. ఇగ్నో జెరియాట్రిక్ మెడిసిన్ పీజీ డిప్లొమా కూడా ఎంబీబీఎస్ అయినవాళ్లకే. నేను పేరు చూసి సంబరపడి, అర్హత చదివాక నీరుగారిపోయాను. ముసలితనాన్ని ఇల్లు, మనసు, డబ్బు, చట్టం వైపు నుంచి చూసేది జెరొంటాలజీ. మన బీఏ వాళ్లకు అందేది అదే.

అందుకు మనకు దగ్గరి దారి ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్‌లో పీజీ. ఉస్మానియా, కాకతీయ సీట్లకు సీపీగెట్ అనే పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. ఉద్యోగం చేస్తూ చదవాలంటే ఇగ్నోలో దూరవిద్య ఉంది. నేను హైదరాబాద్‌లో చేశాను; ఫీల్డ్‌వర్క్, డిసర్టేషన్ (చివర రాసే పరిశోధన వ్యాసం) రెండూ వృద్ధుల మీదే తీసుకున్నాను. లెక్కలంటే భయం లేకపోతే ముంబైలోని జనాభా అధ్యయన సంస్థ ఐఐపీఎస్‌లో పాపులేషన్ స్టడీస్ చూడండి. 2017-18లో 45 ఏళ్లు దాటిన 72 వేల మందిని కలిసి చేసిన ‘లాసీ’ అనే వృద్ధాప్య సర్వే వాళ్లదే.

ఫీల్డ్‌వర్క్ గురించి ఒక్క మాట. జగిత్యాల వైపు ఒక ఊళ్లో ఒక అవ్వ, కొడుకు దుబాయ్‌లో. బీపీ మందులు వాడుతున్నారా అంటే “రోజూ ఏసుకుంటున్న బిడ్డా” అనేది. నేను ఫారంలో టిక్కు పెట్టేసేవాణ్ని. మా మేడం ఒకరోజు వచ్చి, గోలీల షీటు చూపించమంది. అవ్వ కొంగుముడి విప్పి తీసింది. లెక్కపెడితే సగానికి సగం మిగిలే ఉన్నాయి. “పింఛను పడేదాక రావాలె గద, దినం తప్పి దినం ఏసుకుంటున్న” అంది. నెల రోజులుగా నేను నింపిన ఫారాలన్నీ తప్పే!

అంతకుముందు ఒక ప్రైవేటు సంస్థలో ఆరు నెలల సర్టిఫికెట్‌కు పద్దెనిమిది వేలు కట్టాను (ఇంట్లో ఇప్పటికీ దెప్పుతారు). వచ్చినవి పీడీఎఫ్‌లు, ఒక సర్టిఫికెట్. ఒక్క వృద్ధుణ్ని కలిపించలేదు. ఎక్కడైనా ఫీజు కట్టే ముందు ఫీల్డ్‌వర్క్ ఏ ఊళ్లో, ఎన్ని రోజులు, వెంట ఎవరొస్తారు అని అడగండి.