రోగ్‌తో మిల్ డెక్: సాయికి బాబాయి రాసిన ఉత్తరం

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి సాయికి ఆశీస్సులు.

హార్త్‌స్టోన్ కార్డుల ఆటలో అందరూ ఆడే డెక్‌లు విసుగొచ్చాయి, రోగ్ పాత్రతో మిల్ డెక్, అంటే అవతలివాడి చేత కార్డులు తీయించి వాడి డెక్ ఖాళీ చేసి గెలిచేది, కడతానన్నావు. కట్టు, మంచి ఆలోచన. కాకపోతే ఈ డెక్ ఓడిపోయేది కార్డులు తినిపించడం చేతకాక కాదు, మొదటి నాలుగు టర్న్‌లు బతకలేక. నేను రాసేదంతా దాని చుట్టూనే ఉంటుంది.

డెక్‌కి ప్రాణం కోల్డ్‌లైట్ ఒరాకిల్ అనే మినియన్, అంటే బల్ల మీద నిలబడి పోరాడే కార్డు. ఖర్చు 3 మానా, అంటే కార్డులు వేసేందుకు టర్న్ టర్న్‌కీ పెరిగే బలం. వేస్తే ఇద్దరికీ చెరో 2 కార్డులు వస్తాయి. 2018లో కొత్త కార్డులతో ఆడే స్టాండర్డ్ నుంచి తీసేశారు కాబట్టి పాత కార్డులు కూడా చెల్లే వైల్డ్‌లోనే ఆడాలి. చేతిలో 10 కార్డులే పడతాయి, ఆపైన వచ్చింది కాలిపోతుంది. అవతలివాడి చేతిలో 9 ఉన్నప్పుడు ఒరాకిల్ వేశావంటే ఒకటి చేరి ఒకటి కాలుతుంది, వాడి టర్న్ మొదట్లో వచ్చేది కూడా కాలుతుంది. అదే వాడి చేతిలో రెండో మూడో ఉన్నప్పుడు వేస్తే, ఊపిరాడని వాడికి నువ్వే ఊపిరి పోసినట్టు. ఈ డెక్‌తో ఆడేవాళ్లు ఎక్కువగా చేసే తప్పు ఇదే.

30 కార్డుల్లో ముందు ఇవి పెట్టు: ఒరాకిల్ 2, గ్యాంగ్ అప్ 2, నీ మినియన్‌ని తిరిగి చేతికి తెచ్చే షాడోస్టెప్ 2, ఒరాకిల్ పనిని రెండుసార్లు చేయించే బ్రాన్ బ్రాంజ్‌బియర్డ్ 1. తర్వాత ఎదుటి మినియన్‌ని చవకగా కొట్టే బ్యాక్‌స్టాబ్ 2, వాడి మినియన్ ఒకదాన్ని వాడి చేతికి పంపే సాప్ 2, అందరి మినియన్లనూ చేతుల్లోకి పంపే వానిష్ 2, మంత్రం కార్డు ఖర్చు తగ్గించే ప్రిపరేషన్ 2, ప్రాణం పెంచే యాంటిక్ హీల్‌బాట్ 2. 17 అయ్యాయి. మిగతా 13లో కనీసం 8 కార్డులు 3 మానాలోపు ఉండి, ఎదుటి మినియన్లను చంపేవో ఆపేవో అయ్యుండాలి. ఇక్కడే చెయ్యి లాగుతుంది: ‘గెలవడానికి ఇంకో దారి కూడా ఉంటే బాగుండు’ అని పెద్ద మినియన్ ఒకటి దూరుస్తాం. వద్దు. అది చేతికొచ్చిన ఆటలో నీకు కావలసింది బ్యాక్‌స్టాబ్ అయ్యుంటుంది.

గ్యాంగ్ అప్ 2 మానా, ఎంచుకున్న మినియన్ కాపీలు 3 నీ డెక్‌లో కలుపుతుంది. ఒరాకిల్ ఈ టర్న్ వేసి, గ్యాంగ్ అప్ వచ్చే టర్న్ వేద్దామనుకోకు, ఈలోపు వాడు ఒరాకిల్‌ని చంపేస్తాడు. 5 మానా వచ్చేదాకా ఆగి రెండూ కలిపి వెయ్యి. ఒరాకిల్ నీ డెక్‌ని కూడా తింటుందని మరవకు, ఆ 3 కాపీలే నీ డెక్‌ని వాడి డెక్ కంటే ఎక్కువసేపు నిలబెడతాయి. ఒరాకిల్ పని అయ్యేసరికి నీ చేతిలో 8 మించి మిగలకుండా చూసుకుని టర్న్ ముగించు.

వాడి చెయ్యి నిండుగా ఉన్నప్పుడు సాప్ వేస్తే ఆ మినియన్ చేతికి వెళ్లే చోటు లేక చచ్చిపోతుంది. వానిష్ కూడా అంతే, కానీ దానితో నీ మినియన్లు కూడా వెనక్కొస్తాయి. 9 మానా ఉంటే వానిష్ వేసి, తిరిగొచ్చిన ఒరాకిల్‌ని మళ్లీ దింపొచ్చు.

వాడి డెక్ ఖాళీ అయ్యాక కార్డు తియ్యబోయిన ప్రతిసారీ 1, 2, 3 చొప్పున దెబ్బ పెరుగుతుంది. ఎనిమిదోసారికి మొత్తం 36. 30 ప్రాణం ఉన్నవాడికి అది చాలు. టర్న్‌కి ఒక ఒరాకిల్ పడితే వాడి మామూలు కార్డుతో కలిపి మూడు దెబ్బలు, అంటే మూడు టర్న్‌ల పని. డెక్ మీద వేలు ఆనిస్తే ఎన్ని మిగిలాయో కనిపిస్తుంది, ప్రతి టర్న్ చూస్తుండు.

ఆట మొదట్లో ఒరాకిల్ కోసం చెయ్యి మార్చుకోకు. ముందు ఆడే ఆటలో, మూడు కార్డులూ వెనక్కిచ్చినా మూడో టర్న్‌కి ఒరాకిల్ కనిపించే అవకాశం మహా అయితే సగం, అంతే. అంత తొందరగా వచ్చినా చేసేదేమీ ఉండదు. చవక కార్డులు ఉంచుకో.

కార్డులు తయారుచేసుకునే డస్ట్ ఖర్చుపెట్టే ముందు ఆ కార్డు కలెక్షన్‌లో ఉచితంగా ఉందేమో చూసుకో. ఎపిక్ రకం కార్డు తయారీకి 400, విడగొడితే వచ్చేది 100. బ్రాన్ అంతకంటే అరుదైన లెజెండరీ రకం, 1600, కాబట్టి చివర్న చెయ్యి. అది లేకుండానే డెక్ నడుస్తుంది.

సరిచేసేటప్పుడు ఒకసారికి రెండు కార్డులే మార్చు. 20 ఆటల్లో 12 గెలవడానికీ 8 గెలవడానికీ అదృష్టం చాలు, ఆ లెక్క పట్టుకుని డెక్ మార్చకు. దానికి బదులు ఓడిన ప్రతి ఆటలో చివరికి చేతిలో ఏ కార్డు ఇరుక్కుందో కాగితం మీద రాయి. ఒకే పేరు నాలుగైదుసార్లు వస్తే అది తీసెయ్యి. వేగంగా కొట్టే డెక్‌ల చేతిలో ఎలాగూ ఎక్కువ ఓడతావు, వాటి కోసం డెక్ అంతా తిప్పెయ్యకు. నీ గెలుపు చేతినిండా కార్డులు పట్టుకుని కూర్చునే నెమ్మది డెక్‌ల మీదే.

ఆటలు చాలాసేపు సాగుతాయి కాబట్టి విజయవాడ నుంచి బస్సులో వచ్చేటప్పుడు మొదలుపెట్టకు. మధ్యలో సిగ్నల్ పోతే తిరిగి కలిసేలోపు నీ టర్న్ అయిపోతుంది. హాస్టల్ వైఫైలో ఆడు. డెక్ కోడ్ పంపు, ఓడిన ఆటల కాగితం కూడా ఫొటో తీసి పెట్టు. ఆ 13 కార్డుల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

మీ బాబాయి