సైబర్ అవయవాలకు ఆటలో ఏ మూల్యం పెట్టాలి?

రాయగడ మిత్రబృందం కోసం సైబర్‌పంక్ (యంత్ర అవయవాలు, హ్యాకింగ్, పెద్ద కంపెనీల పెత్తనం ఉండే ఊహాత్మక భవిష్యత్తు) రోల్‌ప్లే ఆటకు, అంటే ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర పోషించే ఆటకు, నియమాలు రాస్తూ, యంత్రపు చేయి అమర్చుకున్న పాత్ర మిగతావారిని మించిపోకుండా ఎలా చూడాలని మీరు అడిగారు. 1988లో వచ్చిన 'సైబర్‌పంక్' ఆటలో ఒంట్లో యంత్రపు అమరికలు పెరిగేకొద్దీ మానవత్వపు పాయింట్లు తగ్గుతాయి. 1989 నాటి 'షాడోరన్'లో 6తో మొదలయ్యే ఎసెన్స్ (పాత్ర జీవశక్తిని చూపే అంకె) అమరికల వల్ల తరుగుతూ, దానితోపాటు మాంత్రిక శక్తినీ తగ్గిస్తుంది. మొదటి పద్ధతిని యథాతథంగా తీసుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే కృత్రిమ కాలు పెట్టుకుంటే మనిషితనం పోతుందన్న సూచన (నిజజీవితంలో ఎవరితోనూ అలా అనం కదా) అందులో ఉంది. దానికి బదులు మరమ్మతులు, హ్యాకింగ్ ప్రమాదం, తయారీ కంపెనీకి కట్టాల్సిన వాయిదాలు మూల్యంగా ఉండాలి. గుణుపూర్ దారిలో కొండల నడుమ సిగ్నల్ అందక యంత్రపు చేయికి కంపెనీ చేసే లైసెన్సు తనిఖీ ఆగిపోతే, పాత్ర స్కోరుకు ఆ చేయి కలిపే +2 బోనస్ అప్పటికి రద్దవుతుందని రాసుకోండి. అప్పుడు ఎంత బలమైన పాత్రయినా తోటివారి సాయం కోరక తప్పదు.