నచ్చడం వేరు, మారడం వేరు: గేములో సహచర పాత్రల గురించి

తమ్ముడూ,

నీ గేము డిజైన్ పత్రం చదివాను. ఆరుగురు సహచరులు (హీరో వెంట నడిచే, గేమే నడిపే పాత్రలు), ఒక్కొక్కరికీ 0 నుంచి 100 దాకా అభిమానం మీటరు, 40 దాటితే సొంత క్వెస్టు (ఆ పాత్ర చుట్టూ తిరిగే ఉపకథ), 80 దాటితే ప్రేమకథ. పక్కన మార్జిన్‌లో నువ్వే రాసుకున్నావు: "ఇంతకీ ప్లేయర్ ప్రభావం వీళ్ళ మీద ఉన్నట్టా, లేనట్టా?" ఇప్పటికైతే లేనట్టే. ఆ మీటరు చెప్పేది హీరో అంటే వాళ్ళకెంత ఇష్టమో మాత్రమే. హీరోతో తిరిగాక వాళ్ళు ఎలాంటి మనుషులయ్యారన్నది అందులో ఎక్కడా లేదు. నచ్చినవాడి మాట వినకుండా బతికేవాళ్ళు కోకొల్లలు. అస్సలు పడని మనిషి అన్న ఒక్క మాట ఏళ్ళ తరబడి మనసులో గుచ్చుకోవడమూ ఉంది. కాబట్టి ముందు ఈ రెండు లెక్కల్నీ విడదీయి.

విడదీయడానికి ముందు ఒక చిన్న పరీక్ష పెట్టు. ప్రతి సహచరుడూ కథలో చేసే చివరి పెద్ద పనిని ఒక్క వాక్యంలో రాయి. తర్వాత రెండు సేవ్ ఫైళ్ళు, అంటే దాచుకున్న రెండు వేర్వేరు ఆటలు, ఊహించుకో. ఒకదాంట్లో ప్లేయర్ మొదటినుంచీ దయగా ఆడాడు, రెండోదాంట్లో కర్కశంగా ఆడాడు. హీరో పక్కన లేనప్పుడు, ఎవరూ సలహా అడగనప్పుడు, ఆ వాక్యం రెండు ఫైళ్ళలోనూ ఒకటేనా? ఒకటే అయితే మధ్యలో నువ్వు పెట్టిన ఆప్షన్లన్నీ అలంకారమే. నీ ఆరుగురిలో ఐదుగురు ఈ పరీక్షలో తప్పారు.

అలంకారం తప్పని అనడంలేదు. 'పర్సోనా 4'లో సోషల్ లింకులకు, అంటే ఒక్కో పాత్రతో పెంచుకునే స్నేహాలకు, 10 ర్యాంకులు ఉంటాయి. నువ్వు ఎంచుకున్న జవాబును బట్టి పాయింట్లు ఎక్కువో తక్కువో వస్తాయి, లింకు త్వరగానో ఆలస్యంగానో పెరుగుతుంది. ఆ మనిషి కథ మాత్రం దాదాపు అదే దారిలో నడుస్తుంది. అక్కడ ప్లేయర్ పని తోడుండటం, వినటం. ఆ గేము అంతకుమించి మాటివ్వదు, అందుకే ఎవరికీ మోసపోయినట్టు అనిపించదు. చిక్కంతా మాటిచ్చి తప్పినప్పుడే. టెల్‌టేల్ వాళ్ళ 'ది వాకింగ్ డెడ్' మొదటి సీజన్‌లో డగ్, కార్లీ అనే ఇద్దరు తోటివాళ్ళలో ఒక్కరినే కాపాడగలం. ఎవరిని కాపాడినా మూడో ఎపిసోడ్‌లో అదే గుంపులోని లిల్లీ తుపాకీకి బలైపోతారు. ఫలానావాళ్ళు ఇది గుర్తుంచుకుంటారని తెరమీద పదేపదే చెప్పే గేము కాబట్టే ఆ కుదింపు అంతగా గుచ్చుకుంది. ఖర్చు తగ్గించుకోవడానికి అలా కథ కొమ్మల్ని (ప్లేయర్ ఎంపికను బట్టి చీలే దారుల్ని) మళ్ళీ కలిపేయడం రచయితలందరికీ తెలిసిన చిట్కాయే, నువ్వూ చేస్తావు. చేసేచోట పెద్ద మాటలు చెప్పకు.

ప్రభావాన్ని నేరుగా లెక్కగట్టడానికి చూసిన గేముల్లో 2004లో వచ్చిన 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2'ను విప్పి చూడు. ఇన్‌ఫ్లుయెన్స్ (సహచరుల మీద హీరో పలుకుబడికి ఆ గేము పెట్టిన లెక్క) బాగా పెరిగితే సహచరులు హీరో ఉన్న వైపుకే, వెలుగుకో చీకటికో, అంటే మంచికో చెడుకో, జరుగుతారు. బాగా తగ్గితే పంతానికి ఎదురువైపు జరుగుతారు. ఈ రెండో సగం చాలామంది కాపీ కొట్టడం మరిచిపోయారు, నాకు మాత్రం అసలు తెలివి అక్కడే కనిపిస్తుంది. ద్వేషం కూడా ప్రభావమే. అయితే ఇందులో ఒక లోపముంది. అందరూ ఒకే కొలబద్ద మీద హీరో నీడల్లా జరిగిపోతారు. ఆ గేము దాన్ని కొంత సరిదిద్దుకున్నది హీరోకు పాఠాలు చెప్పే ముసలి సహచరురాలు క్రేయాతో. ఆవిడ మాత్రం ఎటూ జరగదు, పైగా హీరోనే మార్చాలని చూస్తుంది. నార్ షడ్డా అనేచోట బిచ్చగాడికి డబ్బిస్తే, ఆ డబ్బుకోసం వాడినే ఇంకొకడు కొట్టడం చూపిస్తుంది. ఇవ్వకపోతే వాడే పోయి ఇంకొకరిని కొట్టడం చూపిస్తుంది. ఎటు చేసినా పాఠం తప్పదు. నీ ఆరుగురిలో కూడా ఒకరు లొంగని మనిషి ఉండాలి, లేకపోతే మిగతావాళ్ళు మారినట్టు తెలియదు.

ఇక నీ గేములో ఎలా కట్టాలో చెప్తాను. ఒక్కొక్క సహచరుడికి మూడు వేరియబుల్స్ (గేము గుర్తుంచుకునే మారే అంకెలు) పెట్టు. ఇష్టం: హీరో అంటే ఎంత ముచ్చటో. నమ్మకం: హీరో చెప్తే వెనక నడుస్తాడా లేదా. మూడోది మొగ్గు: తన సొంత ప్రశ్నకు తను ఎటు జవాబు చెప్పుకుంటున్నాడో. ఈ మూడోది లేకుండా మొదటి రెండూ ఎంత పెరిగినా ప్రభావం అనిపించుకోదు. బహుమతులూ పొగడ్తలూ ఇష్టాన్ని మాత్రమే కదపాలి. 'డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్'లో బహుమతులతో అభిమానాన్ని పెంచుకోవచ్చు కాబట్టి, దారుణం చేసి మర్నాడు నాలుగు వస్తువులు చేతిలో పెట్టి సర్దుకోవడం ప్లేయర్లకు అలవాటైంది. అదే గేములో రాజవంశపు రక్తమున్న సహచరుడు అలిస్టర్ సంగతి చూడు. అక్క గోల్డానా ఈసడించుకున్నాక, లోకంలో ఎవడి స్వార్థం వాడిదేనని హీరో అంటే, ఆ మాట అతని తలలో ఉండిపోతుంది. సింహాసనం విషయంలో తర్వాత అతని వైఖరిని మార్చేది ఆ మాటే. ఎన్ని బహుమతులిచ్చినా ఆ పని జరగదు.

నీ వైద్యురాలినే తీసుకుందాం, ఆమె పాత్రే అన్నిటికంటే బాగా కుదిరింది. ఆమె ప్రశ్న ఒక్కటే ఉండాలి: గాయపడ్డ శత్రువుకు వైద్యం చేయాలా వద్దా? దానికి ఆరు సందర్భాలు పెట్టు. మొదటి మూడూ మాటలు, ఒక్కొక్కటీ 1 విలువ. తర్వాత రెండూ చేతలు, ఒక్కొక్కటీ 2. చివరిది హీరో తన సొంతానికి నష్టం తెచ్చుకుని చేసే పని, ఉదాహరణకు తన దగ్గర మిగిలిన ఆఖరి మందు సీసా బందీకి ఇచ్చేయడం. దాని విలువ 3. కలిపితే 10, అంటే మొగ్గు -10 నుంచి +10 దాకా తిరుగుతుంది. +4 చేరితే వైద్యం చేసే మనిషి, -4 చేరితే చేయని మనిషి, మధ్యలో ఉంటే ఇంకా తేల్చుకోని మనిషి. 4 ఎందుకంటే, 3 విలువ ఉన్న సందర్భాన్నీ ఒక 2నీ ప్లేయర్ మిస్ అయినా మిగిలిన 5తో గీత దాటొచ్చు. గీత 6 దగ్గర పెడితే ఆమెను రెండు క్వెస్టుల్లో శిబిరంలో వదిలేసినవాడికి ఆ దారి మూసుకుపోతుంది. గీత దాటాక వ్యతిరేక సందర్భాల విలువ సగం చేయి. మనసు స్థిరపడ్డ మనిషి ఒక్క మాటకు తిరగదు కదా.

చివరి ఘట్టాన్ని ఇలా రాస్తే బాగుంటుంది. కోటలో పోరు జరుగుతుంటే హీరో పై అంతస్తుకు పోతాడు, ఆమె కింద ఉండిపోతుంది. హీరో తిరిగొచ్చేసరికి మెట్ల కింద, ఇందాక తను పొడిచిన సైనికుడు. +4 దాటిన ఫైల్‌లో వాడి పొట్టకు ఆమె కండువా బిగించి కట్టి ఉంటుంది, పక్కన ఖాళీ సీసా, ఆమె చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉంటాయి. -4 ఫైల్‌లో వాడి ముఖం మీద గుడ్డ కప్పి ఉంటుంది, ఆమె సంచీకి ముడి కూడా విప్పలేదు. ఈ రెంటిలోనూ ప్లేయర్‌కు ఆప్షన్ ఇవ్వకు, ఒక్కటి కూడా. మధ్యస్థంగా ఉన్న ఫైల్‌లో మాత్రమే ఆమె సీసా చేతిలో పట్టుకుని నిలబడి "ఏం చేయమంటావు?" అని అడగాలి. అంటే ప్రభావం బలంగా పడినచోట ప్లేయర్ నోరు మూతపడుతుంది, పడనిచోటే అతను ఆజ్ఞ ఇవ్వాల్సి వస్తుంది. 'బాల్డర్స్ గేట్ 3'లో తన దేవత కోసం ఈటెతో చంపాల్సిన బందీ నైట్‌సాంగ్ ఎదుట సహచరురాలు షాడోహార్ట్ నిలబడే ఘట్టం ఈ మార్గంలోదే. ఆమెతో అనుబంధం బాగా పెంచుకుని, ఆ క్షణంలో నిర్ణయం ఆమెకే వదిలేస్తే, ఈటెను తనంతట తానే పారేస్తుంది. అక్కడ అడ్డుపడి వాదించేవాళ్ళకంటే ఊరుకున్నవాళ్ళకే ఎక్కువ దక్కుతుంది.

మార్పు చివరిదాకా దాచిపెడితే మాత్రం ప్లేయర్‌కు అది ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. గీత దాటిన 10, 15 నిమిషాల ఆటలోపే మొదటి గుర్తు కనిపించాలి. పోరులో ప్రవర్తన మారితే అన్నిటికంటే మేలు, ఎందుకంటే ప్లేయర్ ఎక్కువసేపు చూసేది దాన్నే. 'ఫాల్అవుట్: న్యూ వేగస్'లో మానసిక రోగమున్న సహచరురాలు లిలీని మందు పూర్తిగా వేసుకోమన్నా, సగమే వేసుకోమన్నా, మానేయమన్నా, పోరులో ఆమె తీరూ, చివర్లో ఆమె గురించి వచ్చే మాటలూ మారతాయి. నీ వైద్యురాలు కూడా పడిపోయిన శత్రువు పక్కన ఒక్క క్షణం ఆగాలి, లేదా ఆగకుండా దాటిపోవాలి. అంతే చాలు. మొగ్గు అంకెను తెరమీద చూపించకు. "ఆమెకు నచ్చింది" అని ఇష్టానికి చూపించుకో, పరవాలేదు. మొగ్గుకు చూపిస్తే ప్లేయర్ మనిషిని చూడటం మానేసి అంకెలు ఏరుకుంటాడు.

పని ఎంతవుతుందో ముందే లెక్కేసుకో. ఆరు సందర్భాలు, ఒక్కొక్కదానికి రెండు కొమ్మలు, కొమ్మకు 8 లైన్లు: 96. గీత దాటాక మూడు స్థితులకు 20 చొప్పున 60. చివరి ఘట్టం మూడు రకాలు, 15 చొప్పున 45. ఒక్క పాత్రకు 201 లైన్లు, వాయిస్ రికార్డింగుతో సహా. ఆరుగురికీ ఇలా చేస్తే నీ బృందం అలిసిపోతుంది. ఇద్దరిని లోతుగా మార్చు, ముగ్గురిని పర్సోనా తరహాలో స్థిరంగా ఉంచు, ఒకరు లొంగని మనిషి. పాత్రల స్థితుల్ని ఒకదానితో ఒకటి ముడివేయడం కూడా అదుపులో పెట్టుకో. ఆరుగురికీ మూడేసి స్థితులుంటే 729 కలయికలు వస్తాయి, ఎవరూ పరీక్షించలేరు. ఒక్క జంటను మాత్రం ముడివేయి, తొమ్మిదే వస్తాయి. ముడి బాగా పడితే ఎంత బలముంటుందో చూడాలంటే 'మాస్ ఎఫెక్ట్' చాలు. మొదటి భాగంలో వర్మైర్ గ్రహం మీద క్రోగన్ జాతికి చెందిన సహచరుడు రెక్స్ ఎదురుతిరుగుతాడు. ఒప్పించే నైపుణ్యం ఉండాలి, లేదా అంతకుముందే వాళ్ళ వంశం కవచం తెచ్చిచ్చి ఉండాలి. లేకపోతే అక్కడే చస్తాడు. చస్తే 2012లో వచ్చిన మూడో భాగంలో అతని బదులు క్రోగన్ల నాయకుడు రీవ్ అవుతాడు. క్రోగన్ స్త్రీ ఈవ్ కూడా బతకని ఫైల్‌లోనే శాస్త్రవేత్త మోర్డిన్‌ను, క్రోగన్ల సంతానలేమికి ప్రాణాలిచ్చి మందు పంచబోతుంటే, ఆపేయమని ఒప్పించి బతికించుకోగలం. ఒకరి చావు ఇంకొకరి మనస్సాక్షిని కదిపింది, అదీ ఐదేళ్ళ తేడాతో వచ్చిన గేములో.

కోడ్‌లో తప్పులు ఎక్కువగా వచ్చేచోట్లు రెండు. ఒకే సంభాషణను రెండుసార్లు తెరిస్తే మొగ్గు రెండుసార్లు కూడుతుంది. ప్రతి సందర్భానికీ ఒక ఫ్లాగ్ (జరిగిందా లేదా అని గుర్తుంచుకునే గుర్తు) పెట్టు, అది ఇంకా పడకపోతేనే కూడిక జరగాలి, జరిగిన వెంటనే అది పడాలి. రెండోది ఇంకా నవ్వులపాలు చేస్తుంది: వెంట లేని మనిషి జరిగింది కళ్ళారా చూసినట్టు మాట్లాడటం. పక్కన ఉంటే పూర్తి విలువ, శిబిరంలో ఎవరైనా చెబితే సగం, ఎవరూ చెప్పకపోతే సున్నా. చెప్పే ఆ ఒక్క లైను కూడా ఎవరో ఒకరి నోట పలికించాలి, లేకపోతే సగం విలువ ఎక్కడినుంచి వచ్చిందో ప్లేయర్‌కు అంతుబట్టదు. ప్రతి కూడికకూ ఏ సందర్భం, ఎంత, కొత్త మొత్తం ఎంత అని డీబగ్ లాగ్‌లో (తప్పులు వెతకడానికి గేము రాసుకునే చిట్టాలో) ఒక వరుస రాయించు.

పరీక్షకు నాలుగు సేవ్‌లు చాలు: అన్నిటికీ అవును, అన్నిటికీ కాదు, కలగాపులగం, ఆమెను అసలు వెంట తీసుకెళ్ళని ఆట. ఆడి ముగించిన టెస్టర్‌ను ఒకటే అడుగు: ఆమె అలా ఎందుకు చేసింది? "మీటరు నిండింది కాబట్టి" అంటే మళ్ళీ రాయాలి. "ఆ రోజు బందీకి నా సీసా ఇచ్చేశాను కదా" అంటే ఆ పాత్రను ఇక ముట్టుకోకు, రెండోవాడి దగ్గరికి వెళ్ళు.

డైలాగులు మొదలుపెట్టకముందే ఆ ఇద్దరి ప్రశ్నలూ, పన్నెండు సందర్భాల పట్టికా నాకు పంపు.

ఇట్లు,
మీ అన్న