మిర్చి ధరల్లా ఊగే వెలుగు: గుంటూరు తండ్రికి జవాబు

ప్రశ్న: మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. మా పాప ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సీఎస్‌ఈ వద్దట. ఫిజిక్స్ చదివి, గెలాక్సీల మధ్యలో ఉండే బ్లాక్ హోల్స్ నుంచి వచ్చే ఎక్స్-రేల హెచ్చుతగ్గుల మీద పరిశోధన చేస్తానంటోంది. అది అన్నం పెడుతుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: అన్నం సంగతికి వస్తానండీ. ముందు పాప అడుగుతున్నదేమిటో మీరు తెలుసుకోవాలి. ఎందుకంటే ఇందులో సగం మీకు తెలిసిన విద్యే.

కొన్ని గెలాక్సీల నడిబొడ్డున సూర్యుడికి లక్షల రెట్లు, కోట్ల రెట్లు బరువున్న బ్లాక్ హోల్ ఉంటుంది. అందులోకి సుడి తిరుగుతూ పడే వాయువు విపరీతంగా వేడెక్కుతుంది, ఆ దగ్గర్లోంచే ఎక్స్-రేలు వస్తాయి. ఆ వెలుగు నిలకడగా ఉండదు. కొన్నింటిలో గంటలోనే బాగా మారిపోతుంది. కాంతి కంటే వేగంగా ఏ మార్పూ పాకదు కాబట్టి, గంటలో మారిందంటే, ఆ వెలిగే చోటు కాంతి గంటలో దాటే దూరం కంటే, అంటే 108 కోట్ల కిలోమీటర్ల కంటే పెద్దది కాదని లెక్క. సూర్యుడి నుంచి శనిగ్రహం అంతకన్నా దూరం. ఏ ఎక్స్-రే టెలిస్కోపూ విడదీసి చూపలేని చోటును ఇలా గడియారంతో కొలుస్తారు. నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే లెక్క ఇది.

మరి మీ విద్య ఎక్కడుందంటారా? క్వింటా తేజ రకం మిర్చి ధర రోజూ కాస్త ఊగుతుంది, నెలల మీద చూస్తే పెద్దగా ఊగుతుంది. మూడు వారాలకోసారి పెరుగుతోందని ఎవరైనా అంటే మీరు నమ్మరు, పాత పుస్తకాలు తీసి చూస్తారు. ఈ ఎక్స్-రేల ఊగులాటా అలాంటిదే. లేని క్రమం కళ్లకు కడుతుంది. 2008లో ఒక గెలాక్సీలో సుమారు గంటకోసారి వచ్చే ఊగులాట దొరికిందని ప్రకటించడం పెద్ద వార్త అయింది, అంత అరుదు మరి. నిజమైన క్రమానికీ ఉత్త ఊగులాటకీ తేడా తేల్చడమే పాప చేయబోయే పని. రోజంతా కంప్యూటర్ ముందు ప్రోగ్రాములు, స్టాటిస్టిక్స్.

అందుకే ముందు ఈ పరీక్ష పెట్టండి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహం డేటా ఇస్రో ఉచితంగా ఇస్తోంది. పబ్లిక్ పరీక్షలయ్యాక, ఫిజిక్స్ లెక్చరర్ ఎవరినైనా తోడు పెట్టుకుని, ఒక్క గెలాక్సీ డేటా తీసుకోమనండి. ఎక్స్-రే కణాలు ఏ సెకనుకు వచ్చాయో అందులో ఉంటుంది. వంద సెకన్లకోసారి ఎన్ని వచ్చాయో లెక్కేసి గ్రాఫ్ గీయాలి. మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తాయి. నెల రోజులు ఆ ఖాళీలతో, తప్పులతో కుస్తీ పట్టి కూడా ఇంకా కావాలంటే అది ఇష్టం. వారంలో విసుగొస్తే బ్లాక్ హోల్ అనే మాట మీద మోజు మాత్రమే. ఏది తేలినా తిట్టొద్దు.

దారి: తిరుపతిలోనే ఐసర్ (సైన్స్ చదువు, పరిశోధనల కేంద్ర సంస్థ) ఉంది, ప్రవేశానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి. అలాంటిదే భువనేశ్వర్‌లోని నైసర్‌కి నెస్ట్ పరీక్ష. రాకపోతే గుంటూరులోనో విజయవాడలోనో మంచి కాలేజీలో మ్యాథ్స్, ఫిజిక్స్‌తో బీఎస్సీ చేసి, జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేయొచ్చు. డిగ్రీలోనే ఆస్ట్రానమీ పేరుతో ఎక్కువ ఫీజు కట్టకండి. ఫిజిక్స్ గట్టిగా ఉంటే చాలు. ఆ తర్వాత పీహెచ్‌డీకి జెస్ట్ లాంటి ప్రవేశ పరీక్షలతో పరిశోధన సంస్థలు: పుణె ఐయూకా, బెంగళూరు ఐఐఏ, ముంబై టీఐఎఫ్‌ఆర్.

ఇక డబ్బు. పీహెచ్‌డీలో మీరు ఖర్చు పెట్టక్కర్లేదు. జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకు 37 వేలు. కానీ పీహెచ్‌డీకే ఐదారేళ్లు పడుతుంది, తర్వాత పోస్ట్‌డాక్‌లు, అంటే తాత్కాలిక పరిశోధన ఉద్యోగాలు, అవీ తరచుగా విదేశాల్లో. పర్మినెంట్ ఉద్యోగం ముప్పై దాటాకే, సీట్లూ తక్కువే. ఇది దాచి మిమ్మల్ని ఒప్పించను. మధ్యలో బయటికొచ్చినా ఆ ప్రోగ్రామింగ్, స్టాటిస్టిక్స్‌కి డేటా సైన్స్ కంపెనీల్లో విలువుంది. పెళ్లి వయసు మాట చుట్టాలు ఎత్తుతారు, దానికి ఇప్పుడే జవాబు సిద్ధం చేసుకోండి.

ఈ ఏడాది ఐఏటీతో పాటు ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కూడా రాయించండి, పాప ఒప్పుకుంటుంది. గ్రాఫ్ పూర్తయ్యాక మీ ఎదురుగా కూర్చుని, ఆ ఖాళీలు ఎందుకొచ్చాయో చెప్పమనండి. ఉపగ్రహం గంటన్నరకోసారి భూమి చాటుకు వెళ్తుందనీ, దాన్ని గెలాక్సీ ఊగులాట అనుకోకూడదనీ తనంతట తాను చెబితే, నాకు ఫోన్ చేయండి.