ముందు పవర్ సప్లై మీద ఉన్న పట్టిక చదవండి, వాట్ల సంగతి తర్వాత

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టినప్పటి నుంచి గేమ్ ఆడుతుండగా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగి మళ్లీ మొదలవుతోందని, ఉన్నది 500 వాట్ల పవర్ సప్లై కాబట్టి సరిపోవాలి కదా అని, మార్చాలంటే ఎన్ని వాట్లది కొనాలని అడిగారు. ఎన్ని వాట్లన్నది తర్వాత చూద్దాం. అసలు ఆ 500 నిజంగా ఉన్నాయా అన్నది ముందు తేలాలి.

కేసు పక్క మూత తీసి, పవర్ సప్లైకి అంటించిన పట్టికలో 12 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అచ్చం మీలాంటి ఇబ్బందితోనే నా స్నేహితుడొకరు తన కంప్యూటర్ నా దగ్గరికి తెచ్చాడు. పైన పెద్ద అంకెల్లో 500 అని ఉంది. పట్టికలో 12 వోల్టుల దగ్గర ఉన్నది 18 ఆంపియర్లు. గుణిస్తే 216 వాట్లు! ప్రాసెసర్‌కూ గ్రాఫిక్స్ కార్డుకూ కావలసిన కరెంటు దాదాపు మొత్తం ఈ 12 వోల్టుల లైను నుంచే రావాలి. మిగతా వాట్లు 5, 3.3 వోల్టుల లైన్ల మీద చూపించిన లెక్క. ఇప్పటి కంప్యూటర్లకు వాటితో పని చాలా తక్కువ. అదే నిజాయితీగా చేసిన 650 వాట్ల యూనిట్ అయితే 12 వోల్టుల దగ్గరే 54 ఆంపియర్లు కనిపిస్తాయి, అంటే 648 వాట్లు.

అతని కంప్యూటర్‌లో ఇంటర్నెట్, వీడియోలు అన్నీ హాయిగా నడిచేవి. గేమ్ మొదలయ్యాకే చిక్కు. తెర మీద ఏ హెచ్చరికా లేకుండా, ప్లగ్గు పీకేసినట్టు ఒక్కసారిగా చీకటి. ప్రాసెసర్, కార్డు వేడి మామూలుగానే ఉన్నాయి. నా కంప్యూటర్‌లోని పవర్ సప్లై తీసి దానికి పెట్టి అదే గేమ్ ఆడిస్తే సాయంత్రమంతా చెక్కుచెదరలేదు. మీరూ కొనేముందు ఎవరి దగ్గరైనా మంచిది అడిగి తెచ్చి ఇలా చూడండి, ఇంతకు మించిన పరీక్ష లేదు. పవర్ సప్లై నుంచి వచ్చే పెద్ద కనెక్టరులోని ఆకుపచ్చ తీగను నల్ల తీగతో కలిపి, ఫ్యాను తిరిగితే యూనిట్ బాగున్నట్టేనని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. కరెంటు లాగే బరువు (లోడు) పడనప్పుడు ఫ్యాను తిరగడంలో గొప్పేముంది? మీటరు పెట్టి 12 వోల్టుల లైను 11.4కూ 12.6కూ మధ్య ఉంటే చాలనుకోవడానికీ లేదు. ఆ వోల్టేజీలో ఉండే సన్నని అలలు మామూలు మీటరులో కనపడవు. 12 వోల్టుల మీద వాటి హద్దు 120 మిల్లీవోల్టులు, అది చూడాలంటే ఆసిలోస్కోపు కావాలి.

ఇంకో కారణం కూడా ఉండవచ్చు. ఇప్పటి కార్డులు రెప్పపాటు కన్నా తక్కువ సమయంలో తమ మామూలు వాడకానికి రెండు మూడు రెట్ల దాకా లాగి వదులుతాయి. పాత యూనిట్లు దాన్ని ప్రమాదంగా భావించి ఆగిపోతాయి. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 అనే పవర్ సప్లైల ప్రమాణం దీని గురించే పట్టించుకుంది. గ్రాఫిక్స్ కార్డుకు కరెంటు ఇచ్చే కొత్త 16 పిన్నుల కనెక్టరు ఉండి 450 వాట్లు దాటిన యూనిట్ తన సామర్థ్యానికి రెట్టింపు లాగుడును 100 మైక్రోసెకన్ల పాటు తట్టుకోవాలి. అందుకే పెట్టె మీద ఏటీఎక్స్ 3.0 గానీ 3.1 గానీ ఉందేమో చూడమంటాను.

80 ప్లస్ గోల్డ్, బ్రాంజ్ ముద్రల విషయంలో మాత్రం కాస్త నిదానించండి. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత వేడిగా వృథా పోతుందో అవి చెబుతాయి, అంతే. అలల సంగతి, షార్ట్ అయినప్పుడు ఆగుతుందా లేదా అన్న సంగతి ఆ పరీక్షలో ఉండవు. నన్నడిగితే నాసిరకం గోల్డ్ కన్నా గట్టి బ్రాంజే మేలు. బ్రాండు పేరును కూడా గుడ్డిగా నమ్మలేం. చాలా కంపెనీలు సీసోనిక్, సూపర్ ఫ్లవర్, సీడబ్ల్యూటీ వంటి తయారీదారుల చేత చేయించుకుని తమ పేరు వేసుకుంటాయి. ఒకే పేరు కింద ఒక మోడల్ అద్భుతంగా, ఇంకొకటి అధ్వానంగా ఉండవచ్చు. విప్పి చూసి, పూర్తి బరువు వేసి పరీక్షించిన సమీక్ష మీరు కొనే మోడల్‌కే ఉందా అని వెతకండి. సమీక్ష దొరకకపోతే వారంటీ చూడండి. ఏడేళ్లో పదేళ్లో హామీ ఇచ్చే కంపెనీ లోపల 85 డిగ్రీల వేడి వరకే తట్టుకునే నాసి కెపాసిటర్లు (కరెంటును నిల్వ ఉంచే భాగాలు) పెట్టి తన నెత్తికే తెచ్చుకోదు.

ఇక వాట్లు. మధ్యతరహా కార్డు 200, ప్రాసెసర్ 120, మిగతావన్నీ కలిపి 50 వేసుకున్నా 400 లోపే. మంచి 650 మీకు ధారాళంగా సరిపోతుంది. ఇంకా పెద్దది కొన్నంత మాత్రాన కరెంటు ఖర్చు పెరగదు, కంప్యూటర్ తనకు కావలసినంతే తీసుకుంటుంది.

పాతదాన్ని విప్పి బాగుచేద్దామని మాత్రం చూడకండి. ప్లగ్గు తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. మార్చేటప్పుడు పాత తీగలను అలాగే వదిలేసి కొత్త యూనిట్‌కు తగిలించవద్దు. తీగలు విడిగా వచ్చే రకాల్లో యూనిట్ వైపు పిన్నుల వరసకు ఉమ్మడి ప్రమాణం లేదు, ఒకే కంపెనీ మోడళ్ల మధ్య కూడా మారుతుంది. కనెక్టరు చక్కగా ఇమిడిపోతుంది, 5 వోల్టులు వెళ్లాల్సిన చోటికి 12 వెళ్లి హార్డ్ డిస్క్ కాలిపోవచ్చు. పాతవన్నీ పీకేసి, కొత్త పెట్టెలో వచ్చిన తీగలే వాడండి.